నా దగ్గరికి వచ్చేవాళ్లు ముందు ఈసీజీ చూపిస్తారు

నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని, హైదరాబాద్‌లో ప్రాక్టీస్. ఈ లైన్‌లోకి ఎందుకొచ్చావని చుట్టాలు, క్లాస్‌మేట్లు, అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చే క్లయింట్లు కూడా అడుగుతుంటారు, ఫంక్షన్‌లో నిలబడి చెప్పే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

మాది మిర్యాలగూడ. నాన్నది మెడికల్ షాపు. బడి అయిపోయాక కౌంటర్ వెనక స్టూల్ మీద కూర్చుని హోంవర్క్ చేసుకునేదాన్ని. దీపాలు పెట్టే వేళకి ఆడవాళ్లు వచ్చేవాళ్లు, చేతిలో డాక్టర్ చీటీ ఉండేది కాదు. "అన్నా, గుండె దడదడ కొట్టుకుంటుంది, నరాల బలానికి ఏమన్నా ఇయ్యి", "కాళ్లు చేతులు గుంజుతున్నయ్, రాత్రంతా కంటి మీద కునుకు లేదు". నాన్న బీ కాంప్లెక్స్ స్ట్రిప్ కత్తెరతో కట్ చేసి కాగితం కవర్లో వేసేవాడు, వేస్తూ వేస్తూ "ఇంట్ల అంతా మంచిదేనా అమ్మా" అనేవాడు. అంతే, కొందరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే ఏడ్చేవాళ్లు. భర్త తాగుడు, అత్తతో గొడవ, బిడ్డ చదువు ఆగిపోవడం, బావిలో నీళ్లు లేక ఎండిన పొలం. నాన్న ఏమీ చెప్పేవాడు కాదు, వినేవాడు, వెనకొచ్చిన వాళ్లని కాసేపు ఆగమని సైగ చేసేవాడు. ఆ దడ నిజమైనదే, ఆ గుంజుడూ నిజమైనదేనని నాకు అప్పుడే తెలుసు, ఎందుకంటే వాళ్ల చేతులు వణకడం నేను కళ్లారా చూశా.

ఇంకో కారణం మా చిన్నమ్మ. రెండో కాన్పు అయ్యాక మనిషి మారిపోయింది. పిల్ల ఏడుస్తున్నా గోడవైపు తిరిగి పడుకునేది, తల దువ్వుకునేది కాదు, "నేను తల్లిగా పనికిరాను" అని అదే మాట. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు, జాన్‌పహాడ్ దర్గాకి తీసుకెళ్లారు. దర్గాకి తీసుకెళ్లడాన్ని నేను తప్పుపట్టను. అక్కడ రాత్రంతా పక్కన అమ్మ కూర్చుంటే కాస్త నిద్రపట్టిందని చిన్నమ్మే చెప్పింది. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఇంట్లో వాళ్లు అన్న మాటలు, "అందరూ కనలేదా, నీకేనా ఈ నాటకాలు" అని. కాన్పయ్యాక మొదటి రెండు వారాలు ఏడుపు రావడం చాలామందిలో ఉండేదే, దానంతటదే తగ్గుతుంది, అది దాటి కూడా పోకపోతే మాత్రం డిప్రెషన్ అయ్యుండొచ్చు, దానికి వైద్యం ఉంది, చాలామంది పూర్తిగా బాగవుతారు. ఈ ముక్క మా ఇంట్లో ఒక్కరికి తెలిసున్నా ఆమెకి అన్నేళ్లు పోయేవి కావు.

ఉస్మానియాలో సైకాలజీ ఎంఏ చేస్తానంటే ఇంట్లో పెద్ద చర్చే అయ్యింది, చిన్నప్పుడు ఎర్రగడ్డ (హైదరాబాద్‌లో మానసిక వైద్యశాల ఉన్న చోటు) అనే పేరు మేం తిట్టుగా తప్ప ఆస్పత్రిగా విన్నదే లేదు మరి. తర్వాత రెండేళ్లు క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్. (మీరు ఎవరి దగ్గరికి వెళ్లినా, క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు ఉంటే ఆ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, అడగడం మీ హక్కు, మొహమాటపడొద్దు.) మేం మందులు రాయం, అవి సైకియాట్రిస్ట్ పని. అవసరమనిపిస్తే నేనే పంపిస్తా, మందులు, థెరపీ (మాటలతో చేసే చికిత్స) రెండూ కలిసి నడిచే కేసులు బోలెడు.

ఇక నేను ఎలా పనిచేస్తానంటే, కింద చెప్పే మనిషి ఒక్కరు కాదు, చాలామందిని కలిపి, వివరాలు మార్చి రాస్తున్నా. నలభై దాటిన ఆవిడ వస్తుంది, చేతిలో ప్లాస్టిక్ కవర్, అందులో ఈసీజీలు, టూడీ ఎకో, థైరాయిడ్, అన్నీ నార్మల్. "అన్నీ బాగున్నయంటున్నరు మేడమ్, మరి నాకెందుకిట్లయితుంది, నేను అబద్ధం చెప్తున్ననా" అంటుంది. ఆ కవర్‌ని నేను పక్కన పెట్టను, ఒక్కో కాగితం తీసి చూస్తా, ఏ రోజు తీయించారు, ఆ రోజు ఇంట్లో ఏం జరిగింది అని అడుగుతా. తోడు వచ్చిన భర్తో కొడుకో ఆమె బదులు జవాబులు చెప్తుంటారు, ప్రేమతోనే చెప్తారు, అయినా కాసేపు బయట కూర్చోమంటా. ఇక్కడ చెప్పింది బయటికి పోదని ఆమెకి చెప్తా, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో కూడా ఆ గోప్యత హక్కు ఉంది. ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు మాత్రం ఆ మాట మీద నిలబడలేనని అదీ ముందే చెప్పేస్తా.

దడ ఎలా వస్తుందో కాగితం మీద గీసి చూపిస్తా. గుండె కాస్త వేగంగా కొట్టుకుంది, మెట్లెక్కడం వల్ల కావచ్చు, కాఫీ వల్ల కావచ్చు. ఇది హార్ట్ ఎటాకేమో అన్న ఆలోచన వచ్చింది, ఆ ఆలోచనతో భయం, భయంతో గుండె ఇంకా వేగం, ఊపిరి వేగం, ఊపిరి ఎక్కువ తీసేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరి, పెదాల చుట్టూ చురచుర, కళ్లు తిరగడం, అది చూసి ఇంకా భయం. ప్యానిక్, అంటే ఒక్కసారిగా ముంచుకొచ్చే ఈ భయం, ఇలా గుండ్రంగా తిరుగుతుందని డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ సైకాలజిస్ట్ 1986లోనే రాశాడు. చెప్తే అర్థమవుతుంది కానీ శరీరం నమ్మదు. అందుకని గుండె జబ్బు లేదని డాక్టర్ చెప్పాకే, ఫిట్స్ లాంటివి ఏవీ లేవని చూసుకున్నాకే, ఆమెతో పాటు నేనూ కూర్చుని ఒక నిమిషం వేగంగా ఊపిరి తీస్తా. నా వేళ్లు కూడా తిమ్మిరెక్కుతాయి, ఆమెకి చూపిస్తా. ఆమె కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంటుంది, లేచి వెళ్లిపోదామనిపిస్తుంది, పోకుండా ఉండమంటా, మంచినీళ్లు కూడా తాగొద్దంటా, తాగితే నీళ్ల వల్లే తగ్గిందనుకుంటుంది. కాసేపటికి దానంతటదే దిగుతుంది. "గంతేనా" అంటుంది. ఆ గంతేనా కోసమే నేను ఈ పని చేస్తా.

అన్నీ ఇంత తొందరగా తేలవు. చిన్నతనంలో దెబ్బలు తిన్నవాళ్లు, నమ్మినవాళ్ల చేతిలోనే నలిగినవాళ్లు, వాళ్ల దగ్గర నేను కాగితం పెన్ను బయటికే తీయను చాలాకాలం. ఆ విషయం ఎప్పుడు చెప్పాలో, ఎంత చెప్పాలో వాళ్ల ఇష్టం. కార్ల్ రోజర్స్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ చెప్పిన షరతులు లేని ఆదరణ అనేది పుస్తకంలో చదివినప్పుడు నాకు వెంటనే నాన్న కౌంటర్ గుర్తొచ్చింది. "సర్దుకుపో", "నీకన్నా కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా" ఈ రెండు మాటలు నా గదిలో వినపడవు, వాళ్లు అప్పటికే అవి వేలసార్లు విన్నారు.

డిప్రెషన్‌లో ఉన్నవాళ్లకి హుషారు వచ్చాక పని మొదలుపెడదాం అనిపిస్తుంది, థెరపీలో మేం తిరగేసి చేస్తాం, చిన్న పని ముందు, హుషారు తర్వాత. పొద్దున డాబా మీద ఓ చుట్టు తిరగడం, తలస్నానం, పాత ఫ్రెండ్‌కి ఫోన్. నోట్‌బుక్‌లో పని రాసి పక్కన మనసెలా ఉందో పదికి మార్కు వేసుకోమంటా. రెండు నుంచి మూడుకి వచ్చినా నాకు అది పెద్ద విషయం.

ఫీజు కట్టలేక రానివాళ్లు చాలామంది, ఆ బాధ నాకెప్పుడూ ఉంటుంది. 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్, 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టింది, ఫ్రీ, రాత్రి పగలు ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంటర్ రిజల్ట్స్ వచ్చే రోజుల్లో ఈ నంబర్ ప్రతి ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించి ఉండాలని నా కోరిక. ఎవరైనా ప్రాణం తీసుకోబోయి బతికితే వాళ్ల మీద కేసు పెడతారేమో అని ఆస్పత్రికి తీసుకెళ్లకుండా ఆగొద్దు, అదే 2017 చట్టం సెక్షన్ 115 ప్రకారం ఆ మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, చికిత్స ఇప్పించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది.

థెరపీ ఎన్నాళ్లు అని అడుగుతారు. ప్యానిక్ అయితే కొన్ని నెలలు చాలామందికి సరిపోతుంది, లోతైన గాయాలకి ఇంకా ఎక్కువ. చివర్లో సెషన్లు పదిహేను రోజులకి, తర్వాత నెలకి దూరం జరుపుతా. మళ్లీ దడొస్తే ఏం చేయాలో వాళ్ల చేతే రాయిస్తా, ఎందుకంటే మళ్లీ రావొచ్చు, పండగలప్పుడో, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోనప్పుడో. అలా నెలకోసారి వస్తున్నవాళ్ల దగ్గర్నుంచి ఓ రోజు "ఈ నెల రాలేను మేడమ్, మరదలి పెళ్లి, పసుపు దంచే పని నాదే" అని మెసేజ్ వస్తుంది. సరే అమ్మా, వెళ్లి రండి అని పెడతా, ఆ స్లాట్ వెయిటింగ్‌లో ఉన్న ఇంకొకరికి ఇచ్చేస్తా.