శనివారం చీపుళ్లు, ఆదివారం మట్టలు

ఈస్టర్‌కి ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందురోజు మధ్యాహ్నం విజయనగరం కాంప్లెక్స్‌లో రాజాం బస్సెక్కాను. నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి దాటి రాజాంలో దిగి, ఆటో పట్టుకుని అత్త వాళ్ల ఊరు చేరేసరికి నాలుగైంది. ఇంటికి తాళం. "గుడికాడ ఉంటాదమ్మా, శనివారం కదా" అంది పక్కింటావిడ.

గుడి అంటే ఇక్కడి క్యాథలిక్ చర్చి. దాని ముందు వేపచెట్టు కింద బల్లలన్నీ బయటికొచ్చి ఉన్నాయి. లోపల పదిమంది ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు దోపుకుని నేల కడుగుతున్నారు. ఇక్కడ వీధికో వారం వంతు. పొద్దున్నంతా కూలికి వెళ్లొచ్చి, ఇంత గంజి తాగి, మళ్లీ చీపురు పట్టుకున్నవాళ్లే అందరూ. అత్త గట్టు మీద కూర్చుని ఇత్తడి కొవ్వొత్తి స్టాండ్లు చింతపండుతో తోముతోంది. "ఏటమ్మా, ఇప్పుడా రావడం" అని ఒక స్టాండు నా చేతిలో పెట్టింది. అంచుల్లో గడ్డకట్టిన మైనాన్ని ముందు గోటితో గీరి తీయాలి. అది పోకుండా తోమితే చింతపండు పట్టదు. తీసిన మైనం పారేయరు, డబ్బాలో దాస్తారు.

పైన మేస్త్రి మావయ్య నిచ్చెన వేసుకుని రేకులు చూస్తున్నాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానుకి ఈ గుడి రేకులు లేచిపోతే ఊళ్లో మగవాళ్లే నిలబడి మళ్లీ వేశారు. అప్పట్నుంచి వానలకు ముందే ఒకసారి ఎక్కి చూడటం ఆయన పని. "కారేది రేకు కాదమ్మా, బోల్టు కన్నం" అంటూ ఎండకి పగిలిన వాషర్లు తీసి కొత్తవి వేస్తున్నాడు. కూలి అడగడు. సామాను ఖర్చు మాత్రం ఫాదర్ గారి లెక్కల పుస్తకంలోకి వెళ్తుంది. హైదరాబాద్‌లో పనిచేసే కుర్రాళ్లు ఫోన్‌పేలో పంపిన డబ్బులు కూడా అందులో పేరుపేరునా రాసి ఉన్నాయి.

2022లో జిల్లాలు మారినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చింది. విచారణ, అంటే ఫాదర్ గారి కింద ఉండే గుడి పరిధి, మాత్రం 1993లో ఏర్పడిన శ్రీకాకుళం మేత్రాసనంలోనే, అంటే అక్కడి బిషప్ గారి పరిధిలోనే ఉంది. జిల్లా ఆఫీసు పనికి ఒక దారి, బిషప్ గారిని కలవడానికి ఇంకో దారి.

ఈస్టర్ ముందటి ఉపవాసాల తపస్సుకాలం కాబట్టి పీఠం మీద పూలు లేవు. ఆ బోసితనం నాకు ఇష్టం, శుభ్రంగా కడిగిన నేల ఇంకా బాగా కనిపిస్తుంది. పెట్టెలోంచి ఎర్ర పూజవస్త్రాలు తీసి అత్త ఇస్త్రీ చేసింది. పీఠం మీది తెల్లగుడ్డ పొందూరు ఖాదీ. వలుగ చేప దవడతో దూది ఏకే ఊరి నేత అది. అందుకే కాబోలు, ఇస్త్రీపెట్టెని దాని మీద మరీ మెల్లగా నడిపింది.

పొద్దున్న ఊరి మొదట్లో ఈతమట్టలు ఆశీర్వదించి ఫాదర్ గారు ముందు నడిచారు, వెనకాల మేమంతా "హోసన్నా" పాడుతూ. చిన్నగుంటలు మట్టలతో ఒకరినొకరు గుచ్చుకుంటుంటే సిస్టర్ గారు కళ్లతోనే ఆపేశారు. ఆ మట్టలు ఏడాదంతా ఇళ్లలో సిలువ పక్కన ఉంటాయి. వచ్చే ఏడాది తిరిగి తెస్తే కాల్చి, తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారానికి బూడిద చేస్తారు. పూజలో యేసు శ్రమల చరిత్ర చదువుతున్నంతసేపూ ముసలివాళ్లు కూడా నిలబడే ఉన్నారు. నా ముందున్న మామ్మ బల్ల అంచు పట్టుకుంది. నిన్న నేను తుడిచిన బల్లే.

పూజ అయ్యాక అందరూ వెళ్లిపోయినా అత్త కదల్లేదు. పూజపాత్ర తుడిచిన చిన్న తెల్లగుడ్డల్ని ఒక గిన్నెలో నీళ్లు పోసి జాడించింది. వాటిని సబ్బుతో ఉతకడం ఆ తర్వాతే. ఆ మొదటి నీళ్లు కాలవలో పోయకూడదు, క్రీస్తు శరీరరక్తాలని మేం నమ్మే దివ్యసత్ప్రసాదం అందులో ఉండి ఉండొచ్చు. "భూమికే ఇవ్వాలి, తొక్కే చోట కాదు" అంది. ముప్పై ఏళ్లుగా ఆమె చేతి మీదే జరుగుతున్న పని ఇది. ఈసారి గిన్నె నాకిచ్చింది.

రెండు చేతులతో పట్టుకుని గుడి వెనక్కి వెళ్లాను. గోడవార నందివర్ధనం మొదట్లో మెల్లగా పోశాను. మట్టి వెంటనే తాగేసింది.