ముక్క పొడవెంత?

1987 అక్టోబరు 13, మంగళవారం. దసరా సెలవులు ముగిసి తరగతులు మళ్ళీ గాడిలో పడుతున్న రోజులవి. ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్న మాకు ఆ ఉదయం మొదటి పీరియడు ఇమ్యునాలజీ, అంటే రోగనిరోధక శాస్త్రం. రోజూ నోట్సు కాగితాలతో వచ్చే మాస్టారు ఆ రోజు ఒక దినపత్రిక, కత్తెర, గమ్ము సీసా పట్టుకొని వచ్చారు. ముందు రోజు స్టాక్‌హోంలో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని ప్రకటించారనీ, దానిని జపాన్ దేశస్థుడైన సుసుము టొనెగావా ఒక్కరికే ఇచ్చారనీ చెప్పి, వార్త చదవమని పత్రికను బెంచీల మీదుగా పంపారు. పత్రిక తిరిగి తన చేతికి వచ్చాక అచ్చు లేని తెల్లని అంచులను మాత్రం కత్తిరించి, ఒకదాని చివర మరొకటి అంటించి, బల్ల పొడవునా రెండు పట్టీలు పరిచారు. సిలబస్‌ను పక్కన పెట్టి ఆ వారమంతా ఆ కాగితపు పట్టీలతోనే పాఠం చెప్పారు.

ఈ సంచికకు జ్ఞాపకాలు రాయమన్నప్పుడు హాస్టలు, క్యాంటీను, విహారయాత్రలు అన్నీ గుర్తుకు వచ్చాయి. వాటి గురించి మిత్రులు నాకంటే బాగా రాస్తారు. హైదరాబాదులో ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో ముప్పై ఏళ్ళకు పైగా నేను చేస్తూ వచ్చిన పని ఆ వారం పాఠం మీదే నిలబడి ఉంది కనుక, నేను దాని గురించే రాస్తున్నాను.

మాస్టారు ముందుగా చిక్కుముడిని మా ముందుంచారు. శరీరంలోకి ఏ క్రిమి ప్రవేశించినా, చివరకు ప్రకృతిలో ఎన్నడూ లేని రసాయనాన్ని ప్రయోగశాలలో తయారుచేసి జంతువుకు ఎక్కించినా, దానికి సరిగ్గా అతుక్కునే యాంటీబాడీ అనే రక్షక ప్రొటీన్ పుట్టుకొస్తుంది. ఇలా పుట్టగల యాంటీబాడీల రకాలు కోట్లలో ఉంటాయి. ఒక్కో ప్రొటీన్‌కు ఒక్కో జన్యువు కావాలంటే అన్ని జన్యువులు ఎక్కడ ఉన్నట్టు? మనిషిలో ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు మొత్తం కలిపినా సుమారు 20,000 మాత్రమేనని ఇప్పుడు మనకు తెలుసు. యాంటీబాడీ జన్యువులన్నీ తల్లిదండ్రుల నుంచే వస్తాయని ఒక వర్గమూ, కొద్దిపాటి జన్యువులే వచ్చి శరీరకణాలలో మార్పు చెందుతాయని మరొక వర్గమూ ఏళ్ళ తరబడి వాదించుకున్నాయి. యాంటీబాడీలో భార గొలుసు, తేలిక గొలుసు అని రెండు రకాల ప్రొటీన్ గొలుసులు ఉంటాయి. వాటిలో తేలిక గొలుసు పరిస్థితిని మరింత విచిత్రం చేసింది. దానిలో పూసల్లా కూర్చిన అమైనో ఆమ్లాలు సుమారు 214 ఉంటే, మొదటి సగం యాంటీబాడీ యాంటీబాడీకీ మారిపోతుంది, రెండో సగం దాదాపుగా మారదు. మారే సగానికి ఒక జన్యువు, మారని సగానికి వేరొక జన్యువు ఉండి, ఆ రెండూ కణంలో ఒకటవుతాయని అమెరికాలోని కాల్‌టెక్‌కు చెందిన విలియం డ్రేయర్, క్లాడ్ బెనెట్ 1965లోనే ప్రతిపాదించారు. ఒక ప్రొటీన్ గొలుసుకు ఒకే జన్యువు అన్న సూత్రమూ, శరీరంలోని కణాలన్నిటిలో డీఎన్‌ఏ ఒకేలా ఉంటుందన్న నమ్మకమూ బలంగా ఉన్న ఆ రోజుల్లో ఈ మాట చాలామందికి మింగుడుపడలేదు. ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి దక్కలేదు గాని, టొనెగావా పేరు తలచిన ప్రతిసారీ వారినీ తలచుకోవడం న్యాయమని నా అభిప్రాయం.

టొనెగావా 1939లో నగోయాలో జన్మించారు. ఇంజనీరైన తండ్రి ఉద్యోగరీత్యా కుటుంబం ఊళ్ళు మారుతూ ఉండడంతో, పిల్లవాడిని చదువు కోసం టోక్యోకు పంపారు. క్యోటో విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో మొదటిసారి తప్పి, 1959లో రసాయనశాస్త్రంలో చేరారు. అక్కడ బాక్టీరియాలో జన్యువుల పనిని అదుపు చేసే ఆపెరాన్ గురించి ఫ్రెంచి శాస్త్రవేత్తలు జాకబ్, మోనోలు చేసిన పరిశోధన చదివి, జీవాన్ని అణువుల స్థాయిలో పరిశీలించే మాలిక్యులర్ బయాలజీ వైపు తిరిగారు. ఆ విద్యకు జపాన్‌లో అప్పటికి అవకాశాలు తక్కువ కనుక అమెరికా వెళ్ళమని ఆచార్యుడు ఇతారు వతనబె సలహా ఇచ్చారు. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మసాకి హయాషి వద్ద బాక్టీరియాకు సోకే వైరస్ మీద పని చేసి 1968లో డాక్టరేట్ పొందారు. తరువాత సాల్క్ సంస్థలో రెనాటో డుల్బెకో వద్ద ఎస్‌వీ40 అనే వైరస్ మీద పని చేశారు. ఇంతవరకూ ఆయనకు ఇమ్యునాలజీతో సంబంధమే లేదు. 1970 చివరకు వీసా గడువు తీరి కొంతకాలం అమెరికా విడిచి ఉండవలసి వచ్చినప్పుడు, స్విట్జర్లాండులోని బాసెల్‌లో నీల్స్ యెర్నె సారథ్యంలో కొత్తగా వెలుస్తున్న ఇమ్యునాలజీ సంస్థకు వెళ్ళమని డుల్బెకో సూచించారు. అలా 1971లో, ఆ శాస్త్రం దాదాపుగా తెలియకుండానే, చుట్టూ ఇమ్యునాలజిస్టులే ఉన్న చోటికి ఆయన చేరారు.

మాస్టారు ఇక్కడ చాలాసేపు ఆగారు. ఇమ్యునాలజీ తెలిసినవారు యాంటీబాడీ ప్రొటీన్లను చూసి జన్యువుల సంగతి ఊహించేవారు. వైరస్‌ల డీఎన్‌ఏ మీద చేయి తిరిగిన టొనెగావాకు, జన్యువుల సంగతిని నేరుగా డీఎన్‌ఏనే అడగవచ్చని తోచింది. సరిగ్గా అప్పుడే, బేస్‌లనే రసాయన ‘అక్షరాలు’ నిర్ణీతమైన క్రమంలో కనిపించిన చోటల్లా డీఎన్‌ఏను కత్తిరించే రెస్ట్రిక్షన్ ఎంజైములు అందుబాటులోకి వచ్చాయి. ఆయనా, నొబుమిచి హొజుమీ కలిసి 1976లో ప్రచురించిన ప్రయోగాన్నే మాస్టారు కాగితపు పట్టీలతో చేసి చూపించారు.

మొదటి పట్టీ ఎలుక పిండంలోని డీఎన్‌ఏ. దాని మీద ఎర్ర సిరాతో ఒకచోట ‘వీ’ అనీ, దానికి దూరంగా నీలి సిరాతో ‘సీ’ అనీ రాశారు. ‘వీ’ అంటే మారే భాగం జన్యువు, ‘సీ’ అంటే మారని భాగం జన్యువు. రెండో పట్టీ యాంటీబాడీని ఉత్పత్తి చేసే ఎలుక కణితిలోని డీఎన్‌ఏ. దాన్ని మాత్రం బోర్లా తిప్పి ఉంచారు. టొనెగావా, హొజుమీ రెండు రకాల డీఎన్‌ఏనూ బామ్‌హెచ్‌వన్ అనే ఎంజైముతో కత్తిరించారు. ముక్కలను జల్లెడలా పనిచేసే పెద్ద అగరోజ్ జెల్‌లో పొడవును బట్టి విడదీసి, ఆ జెల్‌ను వరుసగా సన్నని భాగాలుగా కోసి, ఒక్కో భాగంలోని డీఎన్‌ఏను బయటికి తీశారు. జన్యువు నకలైన సందేశ ఆర్‌ఎన్‌ఏ తన జన్యువుకే అతుక్కుంటుంది. రేడియోధార్మికత అంటించిన తేలిక గొలుసు సందేశ ఆర్‌ఎన్‌ఏను ఒకసారి మొత్తంగానూ, మరోసారి ‘సీ’ ఉన్న సగాన్ని మాత్రమేనూ కలిపి, ఏ భాగంలో ఏది అతుక్కుందో చూశారు. ముక్క ఎంత పొడవైతే అంత బరువు కనుక, పొడవును అణువుల బరువు కొలమానమైన డాల్టన్లలో చెప్పారు. పిండపు డీఎన్‌ఏలో ‘సీ’ 60 లక్షల డాల్టన్ల ముక్క మీద, ‘వీ’ 39 లక్షల డాల్టన్ల ముక్క మీద విడివిడిగా కనిపించాయి. కణితి డీఎన్‌ఏలో ఆ రెండూ 24 లక్షల డాల్టన్ల ఒకే ముక్క మీద ఉన్నాయి.

మాస్టారు కత్తెర కింద పెట్టి నన్ను లేపారు. “కణితిలో ఒక కత్తిరింపు స్థానం చెడిపోయి, పక్కపక్కనున్న రెండు ముక్కలు విడిపోకుండా ఉండిపోయాయని ఎందుకనుకోకూడదు?” అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. “ఏమ్మా, ముక్క పొడవెంత?” అన్నారు. అప్పుడు వెలిగింది. కత్తిరింపు తప్పి రెండు ముక్కలు కలిసే ఉండిపోతే ఆ ముక్క రెంటికంటే పెద్దదై, 99 లక్షలు ఉండాలి. ఇది రెంటికంటే చిన్నది. అంటే మధ్యనున్న డీఎన్‌ఏను వదిలేసి ‘వీ’ వచ్చి ‘సీ’ దగ్గర చేరింది. ఆ మాట నేను చెప్పాక మాస్టారు బోర్లా ఉన్న రెండో పట్టీని తిప్పారు. దాని మీద ఎరుపూ నీలమూ పక్కపక్కనే ఉన్నాయి.

ఆ తరువాతి సంగతులను మాస్టారు రెండు రోజుల్లో ముగించారు, నేనూ క్లుప్తంగానే చెబుతాను. 1978లో టొనెగావా, డీఎన్‌ఏ అక్షరాలను చదివే పద్ధతిని కనిపెట్టిన వాల్టర్ గిల్బర్ట్ బృందంతో కలిసి పిండంలోని ‘వీ’ జన్యువు అక్షరాలను చదివినప్పుడు అది అనుకున్న చోటికంటే ముందే ఆగిపోయింది. మిగిలిన కొన్ని అమైనో ఆమ్లాల సంకేతం ‘జే’ అనే పొట్టి తునకగా ‘సీ’కి కొంత దూరంలో విడిగా ఉందని తేలింది. భార గొలుసులో ‘వీ’కీ ‘జే’కీ మధ్య ‘డీ’ అనే మూడో తునక కూడా బయటపడింది. మనిషి భార గొలుసుకు పనిచేసే ‘వీ’లు సుమారు 40, ‘డీ’లు 23, ‘జే’లు 6 అనుకుంటే ఆ కూర్పులే 5,500 దాటుతాయి. వాటికి తేలిక గొలుసుల కూర్పులు జత అయితే సంఖ్య పది లక్షలు మించుతుంది. అతుకుల దగ్గర కొన్ని అక్షరాలు ఊడిపోవడం, కొత్తవి చేరడం వల్ల వచ్చే వైవిధ్యం దీనికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఏళ్ళ తరబడి వాదించుకున్న రెండు వర్గాలూ కొంతవరకు నిజమే చెప్పాయన్న మాట. తునకలు తల్లిదండ్రుల నుంచి వస్తాయి, కూర్పు మాత్రం యాంటీబాడీలను తయారుచేసే ఒక్కొక్క బీ కణం సొంతంగా చేసుకుంటుంది.

1981లో టొనెగావా బాసెల్ విడిచి అమెరికాలోని ఎంఐటీకి వెళ్ళారు. యాంటీబాడీ జన్యువు మధ్యలోనే దాని చురుకుదనాన్ని పెంచే ఎన్‌హాన్సర్ ఉందని 1983లో చూపిన బృందాలలో ఆయనదీ ఒకటి. రోగనిరోధక వ్యవస్థలోని మరో రకం కణాలైన టీ కణాలు క్రిములను గుర్తించే గ్రాహకానికి కూడా ఇలాగే తునకలను కూర్చిన జన్యువులే మూలం. ఆ గ్రాహకం విషయంలో మార్క్ డేవిస్, టాక్ మాక్ బృందాలు ముందు నిలిచినా, గామా అనే జన్యువు ఆయన ప్రయోగశాలలోనే దొరికింది. తునకలను కోసి అతికే ఎంజైముకు మూలమైన రాగ్ జన్యువులను డేవిడ్ బాల్టిమోర్ ప్రయోగశాలలో డేవిడ్ షాట్జ్, మార్జొరీ ఓటింగర్ కనుగొన్నారు. ఆ జన్యువులు పూర్తిగా పనిచేయని శిశువులకు బీ కణాలూ టీ కణాలూ ఏర్పడవు. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే ఈ జబ్బు కలుగుతుంది కనుక, మేనరికాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో వైద్యులు ఈ సంగతిని మరింత గుర్తుంచుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. టొనెగావా మాత్రం బహుమతి వచ్చిన కొద్దికాలానికే మెదడు వైపు మళ్ళారు. ఎలుకలలో ఒక్కో జన్యువును తొలగించి జ్ఞాపకశక్తి ఎలా దెబ్బతింటుందో 1992 నుంచి చూపుతూ వచ్చి, ఒక భయానక అనుభవాన్ని దాచుకున్న కణాలను కాంతితో ప్రేరేపిస్తే ఆ భయం తిరిగి వస్తుందని 2012లో ఆయన బృందం నిరూపించింది. యాభై ఏళ్ళు దాటాక తెలియని రంగంలో అడుగుపెట్టడం పేరున్నవారికి మరీ కష్టం. బాసెల్‌కు వెళ్ళిన యువకుడు ఆయనలో అప్పటికీ అలాగే ఉన్నాడని ఆ పరిశోధన చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది.

నా పని గురించి కొంచెం చెప్పాలి. లింఫోమా, అంటే రోగనిరోధక కణాల క్యాన్సర్, అనుమానమున్న రోగి గడ్డ నుంచి తీసిన చిన్న ముక్క మా ప్రయోగశాలకు వస్తుంది. అందులోని బీ కణాలు మామూలు జబ్బుకు స్పందిస్తూ పెరిగినవైతే, ఒక్కో కణానిదీ ఒక్కో అతుకు. అప్పుడు భార గొలుసు జన్యువు అతుకులను డీఎన్‌ఏకు లక్షల నకళ్ళు తీసే పీసీఆర్‌తో పెంచి పొడవు కొలిస్తే, తెర మీద చిన్నా పెద్దా గీతలన్నీ కలిసి నున్నటి గుట్టలా కనిపిస్తాయి. క్యాన్సరైతే కణాలన్నీ ఒకే కణం సంతానం, అన్నిటిదీ ఒకే అతుకు, ఒకే పొడవు. తెర మీద సూదిలా ఒక్క గీత లేస్తుంది. లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, వచ్చిన పిల్లలకు చికిత్స జరిగాక, వారి క్యాన్సర్ కణాలకు మాత్రమే ఉన్న ఆ అతుకును గుర్తుగా పెట్టుకొని, పదివేల కణాలలో ఒక్కటి మిగిలి ఉన్నా వెతికి పట్టుకోవచ్చు. కణాల ఆకారం చూసి తేల్చలేని చోట ఈ కొలత నిర్ణయాన్ని మార్చేస్తుంది.

మాస్టారు పదవీ విరమణ చేశాక ఒకసారి వారి ఇంటికి వెళ్ళి, ఇలాంటి ఒక నివేదిక నకలును రోగి వివరాలు తీసేసి చూపించాను. కళ్ళద్దాలు తుడుచుకొని, కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టుకొని, ఆ గీతను వేలితో కింద నుంచి పైదాకా తడిమారు. పీసీఆర్ గురించీ యంత్రం గురించీ నేను చెప్పబోతుంటే చేయెత్తి ఆపారు.

“అదంతా తరువాత. ఏమ్మా, ముక్క పొడవెంత?”

“132 బేస్ జతలు, మాస్టారూ.”