రెండు పెట్టెలతో మొదలుపెట్టిన తేనెటీగల పెంపకం: నా అనుభవం

తేనెటీగలను పెంచాలని నిశ్చయించుకున్నప్పుడు నా దగ్గరున్న డబ్బుకు నాలుగు పెట్టెలు వచ్చేవి, కానీ నేను కొన్నవి రెండే. ఒక్కటే ఉంటే పోల్చి చూసుకోవడానికి మరొకటి ఉండదు. రెండుంటే, ఒకదానిలో రాణి పోయినా రెండోదానిలోంచి గుడ్లున్న చట్రం (ఈగలు పట్టు కట్టుకునే, పైకి తీయగల చెక్క ఫ్రేము) తెచ్చి అందించవచ్చు. మిగిలిన డబ్బు ముఖవలకు, పొగడబ్బాకు, చక్కెరకు సరిపోయింది.

తరువాతి పెట్టెలను నేనే చెక్కతో చేసుకున్నాను. పలకలు కాస్త వంకరపోయినా ఈగలు సర్దుకుంటాయి గాని, చట్రానికీ పెట్టె గోడకూ మధ్య సందు విషయంలో మాత్రం రాజీపడవు. అది 6 నుంచి 9 మిల్లీమీటర్లుంటే దారిగా వదిలేస్తాయి, తగ్గితే జిగురుతో పూడ్చేస్తాయి, పెరిగితే అడ్డంగా తేనెపట్టు కట్టేస్తాయి. 1852లో అమెరికా పెంపకందారు లాంగ్‌స్ట్రాత్ పేటెంటు పొందిన పెట్టెకు ఆధారం ఈ సందే. నేను చేసిన మొదటి పెట్టెలో ఈ కొలత తప్పినందువల్ల చట్రాన్ని పైకి తీసినప్పుడల్లా పట్టు చిరిగి తేనె కారేది. వాడిన పెట్టెలు చౌకగా దొరికినా తీసుకోలేదు. పిల్లపురుగులను కుళ్లబెట్టే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ తెగులు బీజాలు వాటిలో దశాబ్దాల తరబడి బతికి ఉండగలవు.

పెట్టెల సంఖ్య పెంచడానికి మళ్లీ ఈగలను కొనదలచుకోలేదు, బలమైన పెట్టెను రెండుగా విడదీయాలనుకున్నాను. మొదటిసారి, ముదిరిన పురుగుల మీద మైనంతో మూతపడిన గదులతో నిండిన చట్రాలను చూసి మురిసిపోయి వాటినే కొత్త పెట్టెలోకి మార్చాను. వాటిలో గుడ్లు గాని, లేత పురుగులు గాని లేవని గమనించలేదు. అవి లేకుండా ఈగలు కొత్త రాణిని తయారు చేసుకోలేవు. పైగా రెండు పెట్టెలూ ఒకే ఆవరణలో ఉండడంతో మేతకు వెళ్లే ముదురు ఈగలు పాత గూటికే తిరిగిపోయాయి. నెల దాటాక కూలి ఈగలే ఒక్కో గదిలో రెండు మూడు గుడ్లు పెట్టసాగాయి. జతకట్టని ఈగల గుడ్ల నుంచి పోతుటీగలే పుడతాయి కనుక ఆ పెట్టె మీద ఆశ వదులుకున్నాను.

మరుసటి పూతకాలంలో ఎండ వీపుమీద పడేలా నిలబడి, చట్రాన్ని వంచి, గది అడుగున నూలుపోగు తునకలాంటి గుడ్డు కనబడేదాకా వెదికాను. ఆ చట్రంతోపాటు మరో రెండు చట్రాల మీది లేత ఈగలను కూడా కొత్త పెట్టెలోకి దులిపి, ద్వారాన్ని ఇరుకు చేసి, సాయంత్రం వేళ చక్కెర, నీరు సమపాళ్లలో కలిపి పెట్టాను. గుడ్డు నుంచి రాణి వెలువడడానికి 16 రోజులు, ఆపైన ఎదగడానికి, జతకట్టి గుడ్లు మొదలుపెట్టడానికి ఇంకో రెండు వారాలదాకా పడుతుంది కాబట్టి, విడదీసిన తేదీని మూతమీద సుద్దతో రాసి, నెల రోజులు లోపలికి తొంగిచూడకుండా ఉన్నాను. మొత్తం పనిలో కష్టమైనది అదే. తెరిచినప్పుడు గదికొక్క గుడ్డు ఉంది.

తేనె తీసే యంత్రం కొనకుండా మొదట్లో పట్టు కోసి గుడ్డలో వడకట్టాను, అది పొదుపనుకున్నాను. కానీ మైనాన్ని మళ్లీ కట్టడానికి ఈగలు ఎంతో తేనె ఖర్చు చేస్తాయని తెలిశాక, మరో ఇద్దరు పెంపకందారులతో కలిసి ఒక యంత్రం తీసుకుని, పట్టు చెడకుండా తేనె తీసి, ఖాళీ పట్టును ఈగలకు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టాను.

ఎనిమిదో పెట్టె మూతమీద ఇప్పుడొక తేదీ రాసి ఉంది; తెరవడానికి ఇంకా పదకొండు రోజులుంది.