మున్సిపల్ పాలన చాప్టర్: ‘ఇది ఎవరి పని?’ అని అడుగుతూ చదవండి

ఏపీపీఎస్సీ గ్రూప్-2 మెయిన్స్ మొదటి పేపర్లో రాజ్యాంగానికి 75 మార్కులు. అందులో పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ సవరణ దగ్గరికొచ్చేసరికి చాలామంది 12వ షెడ్యూలు, 18 అంశాలు, అధికరణలు 243పి నుంచి 243జెడ్‌జి, 1993 జూన్ 1 నుంచి అమలు అని నాలుగు ముక్కలు రాసుకుని పేజీ తిప్పేస్తారు. సూటి బిట్టు వస్తే ఆ ముక్కలు చాలు. ‘కింది వాక్యాల్లో సరైనవి ఏవి’ అని అడిగితే చాలవు. తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోసే పరీక్షలో సగం తెలిసిన చాప్టరే ఎక్కువ నష్టం చేస్తుంది. పైగా మున్సిపల్ కమిషనర్ గ్రేడ్-3 పోస్టు ఈ గ్రూప్-2 నుంచే భర్తీ అవుతుంది.

విశాఖలో ఉండి చదివేవాళ్లకు ఈ చాప్టర్ వీధిలోనే దొరుకుతుంది. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం నుంచి బయటికి రండి: చెత్త బండి, పార్కింగ్ గొడవ, తవ్వి పూడ్చిన రోడ్డు మూడూ కనిపిస్తాయి. సేవకో పేజీ పెట్టుకుని నాలుగు ప్రశ్నలు వేసుకోండి. అధికారం ఎక్కడిది, నిబంధన ఏది, డబ్బు ఎవరిది, చేసేది ఎవరు. నోట్సు ఈ నాలుగు గళ్లలో ఒదగకపోతే అది బట్టీయే అనుకోవాలి.

ముందు పునాది. ‘18 అంశాలూ మున్సిపాలిటీల విధులు’ అని రాసుకుంటే తప్పులో కాలేసినట్టే. 243డబ్ల్యూ ప్రకారం రాష్ట్ర శాసనసభ చట్టం చేసి ఆ అధికారాలు ‘ఇవ్వవచ్చు’, ఇచ్చి తీరాలని లేదు. షెడ్యూల్లో 7వ అంశం అగ్నిమాపక సేవలు, కానీ మన దగ్గర ఫైర్ స్టేషన్లు నడిపేది రాష్ట్ర శాఖ. తాగునీరు 5వ అంశం, విశాఖలో దాన్ని జీవీఎంసీయే (గ్రేటర్ విశాఖపట్నం మున్సిపల్ కార్పొరేషన్) సరఫరా చేస్తుంది. జాబితా ఒకటే, ఆచరణ వేరు. స్థానిక ప్రభుత్వం అనే విషయమే రాష్ట్ర జాబితాలో 5వది కాబట్టి ఇలా ఉంటుంది.

జీవీఎంసీ చరిత్రలో మూడు తేదీలు కలిపేసుకోకండి. కార్పొరేషన్ అయింది 1979లో. గాజువాక మున్సిపాలిటీని, 32 గ్రామాలను కలుపుకుని గ్రేటర్ అయింది 2005లో. భీమిలి, అనకాపల్లి వచ్చి చేరింది 2013లో. ఇప్పుడు 98 వార్డులు. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న చోట వార్డు కమిటీలు ఉండాలనే 243ఎస్‌ను కూడా దీని పక్కనే రాసుకోండి.

ఇక చెత్త. షెడ్యూల్లో 6వ అంశం. బిట్లు ఎక్కువగా పుట్టే చోటు ఇదే కాబట్టి ఎక్కువ టైమ్ దీనికే ఇవ్వండి. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో ఇంటి దగ్గర మూడు రకాలుగా వేరు చేయాలి: తడి, పొడి, ఇంట్లోని ప్రమాదకర వ్యర్థాలు. వాడిన బ్యాటరీలు, పెయింట్ డబ్బాలు, గడువు తీరిన మందులు ఈ మూడో దాంట్లోకి వెళ్తాయి. మరి శానిటరీ ప్యాడ్లు? మూడో దాంట్లోకే అని గుర్తు పెట్టేవాళ్లే ఎక్కువ. 2016 నిబంధనల్లో వాటిని చుట్టి పొడి చెత్త బుట్టలో వేయాలని ఉంది. 2026 ఏప్రిల్ 1 అమలు తేదీగా ఉన్న కొత్త నిబంధనల్లోనే శానిటరీ వ్యర్థాలు విడి వర్గమయ్యాయి. అక్కడ మొత్తం నాలుగు: తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి. పాత మెటీరియల్లో మూడే ఉంటాయి కాబట్టి ప్రశ్నలో ఏ సంవత్సరం అడిగారో చూసి జవాబు పెట్టండి.

2016 నిబంధనల్లో అంకెలు కొన్నే: సగటున రోజుకు 100 కిలోలు దాటితే భారీ వ్యర్థ ఉత్పత్తిదారు. 5,000 చదరపు మీటర్లు మించిన గేటెడ్ కమ్యూనిటీలు, సంస్థలు తమ చెత్తను తామే వేరు చేసి ఇవ్వాలి. లైసెన్సు లేని స్థలంలో 100 మందికి మించిన కార్యక్రమం పెడితే కనీసం 3 పని దినాల ముందు స్థానిక సంస్థకు చెప్పాలి. ఈ ‘100’ రెండు చోట్లా ఉంది, ఒకటి కిలోలు, ఒకటి మనుషులు. ఆప్షన్లలో తారుమారు చేసేది దాన్నే. 100 కిలోలంటే ఎంతో అంచనా కావాలంటే లెక్క వేసి చూడండి. 60 ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి 450 గ్రాములు అనుకుంటే 108 కిలోలు. అంటే ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో మామూలుగా కనిపించే అపార్ట్‌మెంట్ల సముదాయమే ఈ నిర్వచనంలోకి వచ్చేస్తుంది.

తడీ పొడీ కలిపేస్తే ఏమవుతుందో కారణంతో సహా రాయగలగాలి, గ్రూప్-1 మెయిన్స్‌లో మార్కులు అక్కడే ఉంటాయి. కాపులుప్పాడలో చెత్త నుంచి 15 మెగావాట్ల కరెంటు తీసే ప్లాంటు ఉంది. తడి చెత్త కలిసిన కొద్దీ తేమ పెరిగి, మండినప్పుడు వచ్చే వేడి తగ్గుతుంది. కిలోకు 1,500 కిలో కేలరీలు, అంతకు మించి వేడినిచ్చే వ్యర్థాన్ని ల్యాండ్‌ఫిల్‌లో పారేయకూడదని 2016 నిబంధన. కంపోస్టుకూ అంతే: 50 నుంచి 60 శాతం తేమ, నత్రజనికి 25 నుంచి 30 రెట్లు కార్బన్ ఉంటేనే కుప్ప సరిగ్గా కుళ్లుతుంది. అందులో గాజుపెంకులు, ప్లాస్టిక్ కలిస్తే ఆ ఎరువును రైతు తీసుకోడు. పాత డంపు నుంచి ఊరే మురుగు భూగర్భ జలాల్లోకి దిగడం ఇంకో సమస్య, బయోమైనింగ్ (పాత చెత్తను తవ్వి, వేరు చేసి తొలగించడం) అవసరం అక్కడే వస్తుంది. ఈ గొలుసు ఇంటి గుమ్మం దగ్గరే తెగుతుందని రాయండి, ‘ప్రజల్లో అవగాహన పెంచాలి’ అనే అరిగిపోయిన వాక్యానికి అప్పుడు కాస్త బలం వస్తుంది.

డబ్బు గడి దగ్గర రాష్ట్రం, కేంద్రం కలిసిపోయి అయోమయం. యూజర్ ఫీజు వసూలు చేయాలని 2016 కేంద్ర నిబంధనల్లో ఉంది. రాష్ట్రంలో 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం) మొదలైంది, దాంతో ఇంటింటికీ చార్జీ వచ్చింది. జనం పిలిచిన పేరు చెత్త పన్ను. దాని రద్దును 2024లో ప్రకటించారు. మరోవైపు 15వ ఆర్థిక సంఘం పది లక్షల జనాభా దాటిన నగరాలకు ఇచ్చిన గ్రాంటు పనితీరుతో ముడిపడింది: సుమారు మూడో వంతు గాలి నాణ్యతకు, మిగతాది తాగునీరు, పారిశుధ్యం, ఘన వ్యర్థాలకు. ఆంధ్రప్రదేశ్ నుంచి ఆ వర్గంలో ఉన్నవి విశాఖ, విజయవాడ.

పార్కింగ్‌ను జనం ట్రాఫిక్ పోలీసుల సబ్జెక్టు అనుకుంటారు. షెడ్యూల్లో 17వ అంశం చదవండి: వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్టాపులు, మరుగుదొడ్లు అన్నీ ఒకే మూటలో ఉన్నాయి. మోటారు వాహనాల చట్టంలో 117వ సెక్షన్ ప్రకారం పార్కింగ్ చోట్లను నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వమో అది అధికారమిచ్చిన సంస్థో, అదీ స్థానిక సంస్థను సంప్రదించి. ప్రమాదకరంగా నిలిపిన బండి సంగతి 122, దాన్ని తొలగించడం 127. అంటే స్థలం చూపించేది ఒకరు, బండి ఎత్తుకెళ్లేది ఇంకొకరు. సెల్లార్ పార్కింగును గోడౌనుగానో దుకాణంగానో మార్చేస్తే చర్య తీసుకోవాల్సింది టౌన్ ప్లానింగ్ విభాగం. జగదాంబ జంక్షన్‌లో రోడ్డు మీద బండ్లు నిండిపోవడానికి మూలం తరచూ రోడ్డు మీద ఉండదు, భవనం ప్లానులో ఉంటుంది.

ఇక్కడ ఒక లెక్క కూడా నేర్చుకోండి. కారు ఆగే గడి 2.5 మీటర్లు × 5 మీటర్లు, అంటే 12.5 చదరపు మీటర్లు. 690 చదరపు మీటర్ల ఖాళీ స్థలంలో 55 కార్లు పడతాయని భాగహారం చేస్తే తప్పు. లోపలికి వచ్చి మలుపు తిరగడానికి దారి కావాలి కదా. అందుకే ప్లానింగులో కారుకు ఆరుబయట 23, గ్రౌండ్ ఫ్లోర్‌లో కప్పు కింద 28, బేస్‌మెంట్‌లో 32 చదరపు మీటర్ల చొప్పున లెక్కిస్తారు. ఆ లెక్కన ఆరుబయట 30, బేస్‌మెంట్‌లో 21.

రోడ్ల దగ్గర ముందు సొంతదారు ఎవరో తేల్చుకోండి. పార్లమెంటు చట్టం ద్వారా ప్రకటించిన జాతీయ రహదారులు కేంద్ర జాబితాలో 23వ అంశం, మిగతా రోడ్లు రాష్ట్ర జాబితాలో 13వ అంశం, మున్సిపాలిటీకి 12వ షెడ్యూల్లో 4వ అంశం. విశాఖలోనే చూడండి, ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ కట్టింది నగర ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ, బీఆర్‌టీఎస్ (బస్సులకు ప్రత్యేక వరుస) కారిడార్లు వేసింది జీవీఎంసీ, పోర్టు రోడ్లు పోర్టువి. ఫిర్యాదు ఎక్కడివ్వాలో తెలియకపోవడానికి కారణం ఇదే.

వార్డు స్థాయిలో నీళ్లు, రోడ్లు, దీపాలు చూసే అమెనిటీస్ సెక్రటరీ లాంటి టెక్నికల్ పోస్టులకు చదివేవాళ్లు ఇంకొంచెం లోతుకు వెళ్లాలి. తారు రోడ్డును చంపేది నీళ్లు. అందుకే మధ్యలో ఎత్తు, అంచులకు వాలు: తారుకు 2 నుంచి 2.5 శాతం. 7 మీటర్ల రోడ్డుకు 2.5 శాతమంటే అంచు కన్నా మధ్య భాగం 8.75 సెంటీమీటర్లు ఎత్తు. లెక్కకు 3.5 మీటర్లే తీసుకోవాలి, 7 తీసుకుంటే జవాబు రెట్టింపు అవుతుంది, ఆప్షన్లలో అదీ ఉంటుంది. గుంత పూడ్చే వరుస: అంచులు నిలువుగా, చతురస్రంగా కోయడం, వదులు రాళ్లు, దుమ్ము, నీరు తీసేయడం, అడుగున, పక్కలకు టాక్ కోట్ (అతుక్కోవడానికి పలుచటి తారు పూత), పొరలు పొరలుగా మిశ్రమం, ప్రతి పొరకూ దిమ్మిస. దుమ్ము మీదే తారు పోస్తే అతుక్కోదు, మొదటి వానకే లేచిపోతుంది. విశాఖలో కొండల మీది వాన గెడ్డల్లోంచి (వాగుల్లోంచి) పోవాలి. గెడ్డలో ప్లాస్టిక్ పేరుకుంటే జ్ఞానాపురం లాంటి పల్లాల్లో రోడ్డే కాలువ అవుతుంది. రోడ్డు పేజీలో చెత్త పేజీకి ఒక బాణం గీసుకోండి.

చివరగా ఇళ్లు. 12వ షెడ్యూల్లో ‘గృహ నిర్మాణం’ అనే అంశమే లేదు. 10వది మురికివాడల అభివృద్ధి. ‘గ్రామీణ గృహ నిర్మాణం’ ఉన్నది 11వ షెడ్యూల్లో, అక్కడా అంకె 10 కావడంతో తికమక. అపార్ట్‌మెంట్లు కట్టేది ప్రభుత్వ పట్టణ గృహ నిర్మాణ సంస్థ టిడ్కో: 300, 365, 430 చదరపు అడుగుల్లో. జీవీఎంసీలో లబ్ధిదారుల పని యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) విభాగానిది, ప్రైవేటు నిర్మాణ అనుమతి 2017 భవన నిబంధనల ప్రకారం టౌన్ ప్లానింగుది. ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై) పట్టణ పథకం రెండు దశలనూ పక్కపక్కన రాయండి. 2015 నాటి నాలుగు భాగాల్లో మురికివాడ ఉన్నచోటే పునర్నిర్మాణం ఒకటి. 2024 సెప్టెంబరు 1న మొదలైన 2.0లో ఆ భాగం లేదు, అద్దె ఇళ్లు వచ్చాయి. ఏటా కుటుంబ ఆదాయ పరిమితులు ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాలు) 3 లక్షలు, ఎల్‌ఐజీ (అల్పాదాయ) 6 లక్షలు, 2.0లో ఎంఐజీ (మధ్యాదాయ) 9 లక్షలు.

ఆస్తి పన్ను మాత్రం నాలుగు పేజీలకూ డబ్బు గడిలో వస్తుంది. 2021 ఏప్రిల్ 1 నుంచి అద్దె విలువ బదులు మూలధన విలువ ఆధారం, నివాసాలకు 0.10 నుంచి 0.50 శాతం, ఏడాదికి పెంపు 15 శాతానికి మించకూడదు. పాత ప్రశ్నపత్రాల్లో అద్దె విలువే సరైన జవాబుగా కనిపిస్తే పేపర్ ఏ ఏడాదిదో చూసుకోండి.