ఆర్చ్ మానింగ్ త్రోలు రాసుకున్న నోట్‌బుక్: ఆగస్టు నుంచి డిసెంబర్ దాకా

ఆగస్టు 31, 2025, ఆదివారం

నిన్న కొలంబస్‌లో జరిగిన అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ చేతిలో టెక్సస్ యూనివర్సిటీ 14-7తో ఓడిపోయింది. అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) ర్యాంకుల పోల్‌లో సీజన్‌కి ముందే టెక్సస్‌ని నంబర్ వన్‌గా పెట్టడం ఇదే మొదటిసారి, అందులో జట్టు క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) ఆర్చ్ మానింగ్ ఇంటిపేరు పాత్ర చాలా ఉంది. తాత ఆర్చీ, బాబాయిలు పేటన్, ఈలై, ముగ్గురూ ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్)లో ఆడిన క్వార్టర్‌బ్యాక్‌లే. పోయినేడాది అప్పటి మొదటి క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఈవర్స్‌కి దెబ్బ తగిలినప్పుడు ఆర్చ్ రెండు మ్యాచ్‌లు స్టార్ట్ చేశాడు. ఆ సీజన్ మొత్తం కలిపి 90 పాస్‌లకి 61 అందాయి, 939 యార్డులు, 9 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటి జట్టు గీత దాటించి చేసిన స్కోర్లు), 2 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు పట్టేసిన పాస్‌లు). ఆ 90 పాస్‌లు చూసే మా ఆఫీసులో సగం మంది అతన్ని నెత్తిన పెట్టుకున్నారు, నిన్న రాత్రికి వాళ్లే వీడి వల్ల కాదనేశారు. రెండూ తొందరపాటే అనిపించింది. అందుకే ఈ సీజన్ అతను వేసే ప్రతి త్రో రాయాలని కూర్చున్నాను.

నిన్నటి లెక్క 30కి 17 (30 పాస్‌లు వేస్తే 17 అందాయి), 170 యార్డులు, ఒక టచ్‌డౌన్, ఒక ఇంటర్‌సెప్షన్. మొదటి సగంలో 10కి 5, వచ్చింది 26 యార్డులే. మ్యాచ్ లైవ్‌లో చూస్తూ రాసిన పేజీని ఈ రోజు రికార్డింగ్‌తో పోల్చి చూస్తే ఆ పేజీ పనికిరాదని తేలిపోయింది. లైవ్‌లో మన కళ్లు బంతి వెంటే పోతాయి, పాస్ అందితే మంచి త్రో అని, అందకపోతే చెడ్డ త్రో అని చెయ్యి దానంతటదే రాసేస్తుంది. బౌలర్ వేసిన బంతికి ఎడ్జ్ వచ్చి స్లిప్‌లో క్యాచ్ వదిలేస్తే అతని ఖాతాలో వికెట్ పడదు కదా, అంతమాత్రాన అది చెడ్డ బంతి అంటామా? ఇక్కడా అంతే, రిసీవర్ (పాస్ పట్టుకోవాల్సినవాడు) చేతుల్లోంచి జారినది కూడా స్కోర్‌కార్డులో క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోనే పడుతుంది.

సెప్టెంబర్ 3

షీట్ కొత్తగా తయారుచేశాను. ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే ఈ కాలమ్‌లు చాలు: క్వార్టర్, టైమ్, ఎన్నో డౌన్ (10 యార్డులు దాటడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఎన్ని యార్డులు కావాలి, బంతి ఏ హాష్ మార్కు (మైదానం మధ్యలో రెండు వరుసలుగా ఉండే చిన్న గీతలు) దగ్గర ఉంది, స్నాప్ (బంతి వెనక్కి అందించి ఆట మొదలుపెట్టే క్షణం) నుంచి బంతి చెయ్యి వదిలేదాకా ఎంత టైమ్, గాలిలో ఎన్ని యార్డులు వెళ్లింది, ఒత్తిడి ఉందా లేదా, కాళ్లు ఎలా ఉన్నాయి, బంతి ఎక్కడ పడింది.

టైమ్‌కి స్టాప్‌వాచ్ వద్దు, నొక్కే వేలు ప్రతిసారీ కొంచెం తేడాగా పడుతుంది. యూట్యూబ్‌లో వీడియో పాజ్ చేసి కామా, ఫుల్‌స్టాప్ కీలు నొక్కితే ఒక్కో ఫ్రేమ్ వెనక్కీ ముందుకీ జరుగుతుంది. సెకనుకి 30 ఫ్రేమ్‌ల వీడియో అయితే స్నాప్ నుంచి 75 ఫ్రేమ్‌లు అంటే రెండున్నర సెకన్లు. ఇలా లెక్కపెట్టడం మొదట్లో విసుగ్గా ఉంటుంది, ఒక క్వార్టర్ అయ్యేసరికి చెయ్యి అలవాటు పడిపోతుంది.

బంతి ఎక్కడ పడిందో చెప్పడానికి 0 నుంచి 3 దాకా మార్కులు. రిసీవర్ పరుగు ఆపకుండా, డిఫెండర్ చెయ్యి పడని వైపు అందితే 3. కొంచెం ఆగో, వెనక్కి తిరిగో పట్టుకోవాల్సి వస్తే 2. ఒళ్లు విరుచుకుని పట్టాల్సి వస్తే 1. ఎవరికీ అందనిది 0. కావాలని బయటికి విసిరేసినవి వేరే వరుసలో, వాటికి మార్కుల్లేవు.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఒకటి పెట్టుకున్నాను. కాళ్ల కాలమ్ నింపేదాకా వీడియోని బంతి చేతిలోంచి వదిలిన ఫ్రేమ్ దగ్గరే ఆపాలి, ఆ తర్వాత ఏమైందో చూడకూడదు. ఫలితం తెలిశాక కాళ్లు చూస్తే మనకి కావాల్సిందే కనిపిస్తుంది.

సెప్టెంబర్ 7

శాన్ హోసే స్టేట్ మీద 38-7. 30కి 19, 295 యార్డులు, 4 టచ్‌డౌన్లు. పార్కర్ లివింగ్‌స్టోన్‌కి 83 యార్డుల టచ్‌డౌన్ ఒకటి. ఇలాంటి దానికి 83 అని రాస్తే లెక్క తప్పుతుంది, ఎందుకంటే అందులో రిసీవర్ పట్టుకున్నాక పరిగెత్తింది కూడా ఉంటుంది. నేను రాసేది లైన్ ఆఫ్ స్క్రిమేజ్ (స్నాప్ అప్పుడు బంతి ఉన్న గీత) నుంచి పట్టుకున్న చోటు దాకా మాత్రమే.

హాష్ మార్కు కాలమ్ ఎందుకని మా వాడు అడిగాడు (ఎనిమిదో క్లాసు, పోయిన వారం నుంచి నా పక్కన కూర్చుని డౌన్ నంబర్లు చదువుతున్నాడు). కాగితం మీద గీసి చూపించాను. కాలేజీ మైదానంలో రెండు హాష్ మార్కుల మధ్య 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర అడుగులే. అంటే కాలేజీలో బంతి బాగా ఒక పక్కకి జరిగి ఉంటుంది. ఎడమ హాష్ నుంచి ఎడమ సైడ్‌లైన్ 20 యార్డులు, కుడి సైడ్‌లైన్ 33 యార్డుల పైమాటే. క్వార్టర్‌బ్యాక్ లైన్‌కి 7 యార్డులు వెనక నిలబడి, లైన్‌కి 12 యార్డుల ముందు సైడ్‌లైన్ దగ్గరున్న రిసీవర్‌కి వేశాడనుకోండి, దగ్గరి వైపైతే బంతి ప్రయాణం సుమారు ఇరవై ఏడున్నర యార్డులు, అవతలి వైపైతే దాదాపు ముప్పై ఎనిమిదిన్నర. కాగితం మీద రెండూ 12 యార్డుల పాస్‌లే! ఆ అదనపు పదకొండు యార్డులు బంతి గాలిలో ఉన్నంతసేపూ కార్నర్‌బ్యాక్ (రిసీవర్‌ని కాచే డిఫెండర్) దూసుకొస్తూనే ఉంటాడు. చెయ్యి బలం తెలిసేది ఈ అవతలి వైపు త్రోలోనే, 50 యార్డుల పొడవాటి బంతిలో కాదని నా నమ్మకం.

సెప్టెంబర్ 14

నిన్న రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. యూటెప్ మీద 27-10తో గెలిచారు, కానీ 25కి 11, 114 యార్డులు. మధ్యలో వరసగా పది పాస్‌లు అందలేదు, సొంత స్టేడియంలోనే గోల చేశారు. 21 ఏళ్ల కుర్రాడు, లక్షమంది పట్టే మైదానం, ఎంత టెన్షన్ ఉంటుంది!

ఈ రోజు ఆ పదీ ఒక్కొక్కటి నాలుగైదు సార్లు చూశాను. చేతిలో లోపం వెతుకుదామని కూర్చున్నాను, చూసే కొద్దీ కళ్లు కాళ్ల మీదికి దిగాయి. బాగున్న త్రోలో అతని వెనక కాలు నేలని తన్నుతుంది, నడుం తిరుగుతుంది, ముందు పాదం వేళ్లు రిసీవర్ వైపు చూస్తాయి, చెయ్యి చివర్లో వస్తుంది. బాగాలేని త్రోలో ముందడుగు మరీ పెద్దదై రెండు కాళ్లూ ఎడంగా పాతుకుపోతాయి, నడుం తిరగడానికి చోటుండదు, ఆ లోటంతా చెయ్యే మోయాలి. అప్పుడు మోచెయ్యి కిందికి జారి పక్క నుంచి విసిరినట్టవుతుంది, బంతి రిసీవర్ మోకాళ్ల దగ్గరికో వెనక్కో పోతుంది. ఒహాయో స్టేట్ మ్యాచ్‌లో కింద పడిన త్రోలు మళ్లీ తీసి చూస్తే అక్కడా ఇదే కనిపించింది.

సెప్టెంబర్ 21

శామ్ హ్యూస్టన్ మీద 55-0. 21కి 18, 309 యార్డులు, 3 టచ్‌డౌన్లు.

కాలేజీ పాసర్ రేటింగ్ చేత్తోనే కట్టొచ్చు: యార్డులని 8.4తో, టచ్‌డౌన్లని 330తో, అందిన పాస్‌లని 100తో గుణించి కూడాలి, ఇంటర్‌సెప్షన్‌కి 200 చొప్పున తీసేయాలి, వచ్చినదాన్ని మొత్తం పాస్‌లతో భాగించాలి. యూటెప్ మ్యాచ్‌కి 87.5 వచ్చింది, నిన్నటికి 256.5. వారంలో ఒక మనిషి మూడింతలు మారిపోడు. ఎదుటి జట్టు మారింది, ఒత్తిడి మారింది. అందుకే ఒత్తిడి ఉన్న వరుసలు, లేని వరుసలు వేరే షీట్లుగా విడదీశాను, నిన్నటి మ్యాచ్‌లో మొదటి షీట్‌కి పెద్దగా పని పడలేదు.

ఇంకో పరీక్ష నా మీద నేనే పెట్టుకున్నాను. కొలంబస్ మ్యాచ్ 30 త్రోలకీ పాత మార్కులు దాచేసి మళ్లీ కొత్తగా వేశాను. ఎనిమిదింటికి మార్కు మారింది, ఎక్కువ 1కీ 2కీ మధ్యే. దానికో నియమం రాసుకున్నాను: రిసీవర్ పాదాలు రెండూ నేల మీద ఉంటే 2, ఒక్కటైనా గాల్లోకి లేస్తే 1. పూర్తిగా న్యాయమైన నియమమని చెప్పను, కానీ ప్రతిసారీ ఒకేలా వేయగలను.

అక్టోబర్ 5

గెయిన్స్‌విల్‌లో ఫ్లోరిడా చేతిలో 29-21తో ఓటమి. 29కి 16, 263 యార్డులు, 2 టచ్‌డౌన్లు, 2 ఇంటర్‌సెప్షన్లు, ఆరు సార్లు శాక్ (పాస్ వేసేలోపే పడేశారు).

నా షీట్‌లో పెద్ద కన్నం ఉందని ఈ ఆరు శాక్‌లు చూపించాయి. బంతి వదల్లేదు కాబట్టి వీటికి వరుసే లేదు. కాలేజీ లెక్కల్లోనూ శాక్‌లో పోయిన యార్డులు పరుగు ఖాతాలోంచి తీస్తారు, పాసింగ్ లెక్కకి మచ్చ పడదు. కానీ వెయ్యాల్సిన పాస్ వెయ్యకపోవడం కూడా పాసింగ్‌లో భాగమే కదా. ఇక నుంచి శాక్‌కీ, పాకెట్ (తన లైన్‌వాళ్లు చుట్టూ నిలబడి కాచే చోటు) వదిలి పరిగెత్తిన ప్రతిసారికీ ఒక వరుస, రెండున్నర సెకన్ల దగ్గర పాజ్ చేసి ఆ క్షణాన ఎవరైనా ఖాళీగా కనిపిస్తున్నారా అని రాయాలి. అతని వైపు నుంచి ఒక మాట చెప్పాలి: పోయినేడాది క్వార్టర్‌బ్యాక్‌ని కాచే లైన్‌లో స్టార్ట్ చేసిన ఐదుగురిలో నలుగురు ఎన్‌ఎఫ్‌ఎల్ దారి పట్టారు. కొత్త గోడ వెనక నిలబడ్డవాడికి కాళ్లు కుదురుగా ఉండవు.

టీవీతో ఇబ్బంది ఇక్కడే. కెమెరా బంతికి దగ్గరగా ఉంటుంది, వెనకాల సేఫ్టీలు (చివరి వరుస డిఫెండర్లు) ఎక్కడున్నారో కనిపించదు. ఎవరు ఖాళీగా ఉన్నారో రాయడానికి సగం వరుసల్లో ప్రశ్నార్థకమే పెట్టాల్సి వస్తోంది.

అక్టోబర్ 12

నిన్న డాలస్‌లో కాటన్ బౌల్‌కి వెళ్లాం, నేనూ మా వాడూ. ఓక్లహోమా మ్యాచ్, స్టేట్ ఫెయిర్ మధ్యలోనే స్టేడియం. కారు పార్కింగ్ గొడవ వద్దని డార్ట్ గ్రీన్ లైన్ పట్టుకుని ఫెయిర్ పార్క్ స్టేషన్‌లో దిగాం, రైల్లో ఊపిరాడనంత జనం. టికెట్లు కావాలనే ఎండ్‌జోన్ (మైదానం చివర స్కోర్ చేసే చోటు) వెనక బాగా పైన తీసుకున్నాను. అక్కణ్ణుంచి మొహాలు కనబడవు, కానీ 22 మందీ బొమ్మల కొలువులా కనిపిస్తారు. క్లిప్‌బోర్డు, రెండు పెన్సిళ్లు, ముందే గీసుకున్న కాగితాలు. బైనాక్యులర్స్ పట్టుకెళ్లాను గానీ రెండో సిరీస్‌కే పక్కన పెట్టేశాను, వాటిలో చూస్తే మళ్లీ టీవీ చూసినట్టే.

స్టేడియం సగం నారింజ రంగు, సగం ఎరుపు, ఎవరు అరుస్తున్నారో తెలియని హోరు. ఆ హోరులో మూడో క్వార్టర్‌లో మా వాడు నా మోచెయ్యి పట్టుకుని లాగాడు: “నాన్నా, కాళ్లు చూడు, చిన్న చిన్న అడుగులే వేస్తున్నాడు!” నిజమే. పాకెట్ ఒక పక్క నుంచి కుంగుతోంది, అతను పెద్ద అడుగు వెయ్యకుండా పాదాలు నేలకి ఆనించి తడుముకుంటున్నట్టు రెండు చిన్న అడుగులు ముందుకు జరిగాడు, భుజాలు తిప్పలేదు, అక్కణ్ణుంచి బంతి వదిలాడు. యూటెప్ రోజు ఇదే చోట ఆ పెద్ద ముందడుగు పడేది. కాగితం మీద ఆ వరుసకి పక్కన చుక్క పెట్టాను.

23-6తో గెలిచారు. 27కి 21, 166 యార్డులే, డీఆండ్రే మూర్‌కి 12 యార్డుల టచ్‌డౌన్ ఒక్కటే. స్కోర్‌కార్డు చూసినవాళ్లకి మామూలు రోజు. ఇప్పటిదాకా నేను రాసిన పేజీల్లో అన్నిటికంటే శుభ్రమైన పేజీ ఇదే.

అక్టోబర్ 19

కెంటకీలో ఓవర్‌టైమ్‌లో 16-13. 27కి 12, 132 యార్డులు. కాళ్లు మళ్లీ ఎడంగా. పెద్దగా రాయాలని లేదు, వరుసలు మాత్రం నింపాను.

నవంబర్ 2

రెండు వారాలది కలిపి రాస్తున్నాను. స్టార్క్‌విల్‌లో మిసిసిపీ స్టేట్ మీద నాలుగో క్వార్టర్‌లో 17 పాయింట్లు వెనకబడి ఓవర్‌టైమ్‌లో 45-38తో గెలిచారు, 46కి 29, 346 యార్డులు. ఓవర్‌టైమ్‌లో తలకి దెబ్బ తగిలి బయటికెళ్లాడు, చివరి పాస్ వేసింది బదులు క్వార్టర్‌బ్యాక్ మ్యాథ్యూ కాల్డ్‌వెల్. ఆ దెబ్బ చూసి కీబోర్డు మీంచి చెయ్యి తీసేశాను. నిన్న వాండర్‌బిల్ట్ మీద తిరిగొచ్చి 33కి 25, 328, 3 టచ్‌డౌన్లు, 34-31.

ఈ రెండు మ్యాచ్‌ల్లో నాకు నచ్చింది తొందర తగ్గడం. మొదటి రిసీవర్ మూసుకుపోతే తల తిప్పినప్పుడు పాదాలు కూడా తలతోపాటే తిరుగుతున్నాయి. సెప్టెంబర్‌లో తల ఒక వైపు, కాళ్లు ఒక వైపు ఉండేవి. దీనికి “తల-కాళ్లు” అని కొత్త కాలమ్ పెట్టాను, అవును లేదా కాదు, అంతే. మార్కులకంటే ఈ అవును-కాదులే నాకు ఎక్కువ పనికొస్తున్నాయి.

నవంబర్ 30

జార్జియాలో 35-10తో చితికిపోయారు, 43కి 27, 251. తర్వాతి వారం ఆర్కన్సా మీద 30కి 18తో 389 యార్డులు, 4 టచ్‌డౌన్ పాస్‌లు, అదే మ్యాచ్‌లో పరిగెత్తి ఒకటి, పట్టుకుని ఒకటి. మొన్న శుక్రవారం టెక్సస్ ఏ అండ్ ఎం మీద 27-17, కానీ పాసింగ్ 29కి 14 మాత్రమే. ఆ రాత్రి అతని 35 యార్డుల టచ్‌డౌన్ పరుగు అందరికీ గుర్తుంటుంది, నా షీట్‌లో అదొక “పాకెట్ వదిలాడు” వరుస.

పన్నెండు మ్యాచ్‌లు కూడితే 370కి 227, అంటే 61.4 శాతం, 2,942 యార్డులు, 24 టచ్‌డౌన్లు, 7 ఇంటర్‌సెప్షన్లు. నా అంచనా ఇది: చెయ్యి బలం గురించి నాకు అనుమానం లేదు, అవతలి హాష్ త్రోలు బాగానే చేరుతున్నాయి. 10 యార్డుల లోపు తేలిక త్రోల్లోనే ఇంకా నిలకడ లేదు, అది కాళ్ల సమస్య, సరిదిద్దుకోగలిగే సమస్య. ఒత్తిడి షీట్‌లో అక్టోబర్ తర్వాతి పేజీలు సెప్టెంబర్ పేజీల కంటే స్పష్టంగా బాగున్నాయి.

డిసెంబర్ 31

సీజన్ తర్వాత ఆడే సిట్రస్ బౌల్ మ్యాచ్‌లో మిషిగన్ మీద 41-27. 34కి 21, 221 యార్డులు, 2 టచ్‌డౌన్లు. పేజీ ఇంకా సగమే నింపాను, మిగతాది రేపు.

వచ్చే ఏడు కూడా టెక్సస్‌లోనే ఉంటున్నాడు. సెప్టెంబర్ 12న ఒహాయో స్టేట్ ఆస్టిన్‌కి వస్తోంది. ఈలోగా చేయాల్సిన పని ఒకటుంది: కొలంబస్ మ్యాచ్ 30 త్రోలనీ, కొత్త కాలమ్‌లతో, పాత మార్కులు చూడకుండా మొదటి నుంచి రాయాలి. ఈసారి మా వాడు వేరే షీట్‌లో తన మార్కులు తను వేస్తానంటున్నాడు.