గొంతు ఆవిడది, కంపెనీ అతనిది

1983లో 'సిల్క్‌వుడ్' సినిమా ట్రైలర్ అమెరికా థియేటర్లలో వేస్తున్న రోజులు. తెర మీద మెరిల్ స్ట్రీప్ పేరు పడింది, జనం శ్రద్ధగా చూశారు. కర్ట్ రసెల్ పేరు పడింది, చూశారు. గాయని షేర్ పేరు పడగానే హాలంతా గొల్లుమంది. ఆ నవ్వే జనం మధ్యలోనే షేర్ తన చెల్లెలితో కూర్చుని ఉందట. ఈ సంగతి తర్వాత ఇంటర్వ్యూల్లో ఆవిడే చెప్పింది. ఎందుకు నవ్వారంటే, అప్పటిదాకా వాళ్లకి తెలిసిన షేర్ వేరు. టీవీలో పూసలూ ఈకలూ తొడుక్కుని, పక్కన నిలబడ్డ మొగుడి మీద జోకులేసే మనిషి. ఆవిడ మేకప్ లేకుండా ప్లుటోనియం ఫ్యాక్టరీలో కార్మికురాలిగా నటించడమేంటని వాళ్ల నవ్వు. ఆ పాత్రకే ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

నా పని రికార్డింగ్ స్టూడియోలో గొంతులు సరిచేయడం. శ్రుతి తప్పిన చోట ఆటో-ట్యూన్ అనే సాఫ్ట్‌వేర్‌తో సర్దుతుంటాను. కొత్తగా పాడే పిల్లలు వచ్చి "అన్నా, షేర్ ఎఫెక్ట్ పెట్టవా" అంటారు. షేర్ అంటే ఎవరో వాళ్లలో చాలామందికి తెలీదు, ఏదో బటన్ పేరనుకుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆవిడ 1946లో కాలిఫోర్నియాలోని ఎల్ సెంట్రోలో పుట్టింది. అసలు పేరు షెరిలిన్ సర్కీసియన్. తండ్రి ఆర్మేనియన్ మూలాల మనిషి, ట్రక్కు డ్రైవరు, ఇంటి పట్టున ఉన్నది తక్కువ. తల్లి సినిమాల్లో చిన్నాచితకా వేషాలు వేసేది. షేర్ బడిలో అక్షరాలతో నానా తంటాలూ పడి, పదహారేళ్లకే చదువు మానేసింది. అది చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా అనే ఇబ్బంది అని చాలా ఏళ్ల తర్వాత, తన బిడ్డకి పరీక్షలు చేయించినప్పుడు గానీ తెలియలేదు.

1962లో సానీ బోనో పరిచయమయ్యాడు. ఆమెకి పదహారు, అతనికి ఇరవై ఏడు. అతను ఫిల్ స్పెక్టర్ అనే పేరుమోసిన ప్రొడ్యూసర్ దగ్గర పనిచేసేవాడు. అలా లాస్ ఏంజెలెస్‌లోని గోల్డ్ స్టార్ స్టూడియోలో షేర్‌కి కోరస్ పాడే పని దొరికింది. ఇక్కడ నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. ఆమె గొంతు మరీ గట్టిది కావడంతో మిగతావాళ్లని మింగేస్తోందని, మైకు నుంచి వెనక్కి, ఇంకా వెనక్కి జరిపి నిలబెట్టేవారట. ఇప్పుడైతే ఒక్కొక్కరికీ వేరే ట్రాక్ తీసుకుని వాల్యూమ్ తగ్గిస్తాం. అప్పట్లో బ్యాలెన్స్ అంటే మనిషిని జరపడమే.

అంత గొంతున్న పిల్లకి స్టేజి అంటే వణుకు. ఒంటరిగా పాడలేనని సానీని పక్కన నిలబెట్టుకుంది, జనాన్ని చూడకుండా అతని మొహం చూస్తూ పాడింది. ఆ జంట 1965లో పాడిన 'ఐ గాట్ యూ బేబ్' అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ నంబర్ వన్ అయింది. 1971లో వాళ్ల కామెడీ షో సీబీఎస్ టీవీ ఛానెల్లో మొదలైంది. బాబ్ మాకీ కుట్టిన బట్టల్లో షేర్ ఏం వేసుకొస్తుందో చూడ్డానికే జనం టీవీల ముందు కూర్చునేవారు.

కాపురం చెడ్డాక, ఆమె స్నేహితుడు, రికార్డు కంపెనీ యజమాని డేవిడ్ గెఫెన్ కాగితాలు తిరగేసి చూస్తే అసలు సంగతి బయటపడింది. కంపెనీ పేరు 'షేర్ ఎంటర్‌ప్రైజెస్'. అందులో 95 శాతం సానీది, మిగతా 5 శాతం లాయరుది. షేర్ అందులో ఉద్యోగి, అంతే. బోర్డు మీద తన పేరు, లోపల తనకి చిల్లిగవ్వ లేదు. మొగుడు పెట్టమన్న చోటల్లా సంతకం పెట్టింది మరి. ఆడవాళ్ల సంపాదన ఇలా పోయిన కథలు మన సినిమావాళ్లలోనూ తక్కువేం కాదు గానీ, ఇంత నీటుగా శాతాలు రాసి పెట్టుకున్నది నేనెక్కడా వినలేదు. 1975లో విడాకులయ్యాయి. విచిత్రమేంటంటే, మరుసటి ఏడాదే ఇద్దరూ కలిసి మళ్లీ టీవీ షో చేశారు. అప్పటికి ఆమె రెండో భర్త గ్రెగ్ ఆల్‌మన్ వల్ల గర్భవతి. ఆమె పుట్టుకతోనే ప్రొఫెషనల్ అనుకోవాలా, ఆ బంధమే అలాంటిదా, నాకిప్పటికీ అంతుపట్టదు.

తర్వాత లాస్ వెగాస్‌లో షోలు. డబ్బుకి లోటు లేదు, కానీ ఆవిడకి మాత్రం నటించాలనే పట్టుదల. అవన్నీ వదిలేసి న్యూయార్క్ వెళ్లి, 1982లో రాబర్ట్ ఆల్ట్‌మన్ దర్శకత్వంలో బ్రాడ్వే నాటకం వేసింది. అది చూసిన దర్శకుడు మైక్ నికోల్స్ 'సిల్క్‌వుడ్'లోకి తీసుకున్నాడు. 1985లో 'మాస్క్' సినిమాకి కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటి బహుమతి వచ్చింది, ఆస్కార్ వాళ్లు మాత్రం నామినేషన్ కూడా ఇవ్వలేదు. 1986లో ఆస్కార్ వేదిక మీదకి బహుమతి ఇవ్వడానికి వచ్చినప్పుడు, నడుము కనబడే నల్ల డ్రెస్సు, తల మీద మూరెడు ఈకలతో వచ్చి, సీరియస్ నటి ఎలాంటి బట్టలేసుకోవాలో అకాడమీ పంపిన పుస్తకం నాకు అందింది అని చురక వేసింది. రెండేళ్లకి, 'మూన్‌స్ట్రక్' సినిమాకి ఉత్తమ నటి ఆస్కార్ చేతికొచ్చింది.

1990ల మొదట్లో ఒంట్లో బాగాలేక టీవీలో జుట్టు సామాన్లు అమ్మే ప్రకటనలు చేసింది. జనం మళ్లీ నవ్వారు.

1998 జనవరిలో సానీ మంచు మీద స్కీయింగ్ చేస్తూ చెట్టుకి గుద్దుకుని చనిపోయాడు. అప్పటికతను అమెరికా కాంగ్రెస్ సభ్యుడు. అంత్యక్రియల్లో షేర్ ఏడుస్తూ, మధ్యమధ్యలో నవ్విస్తూ మాట్లాడింది. అదే ఏడాది అక్టోబరులో షేర్ పాట 'బిలీవ్' వచ్చింది.

ఇక నా గదిలోకి రండి. ఆటో-ట్యూన్ కనిపెట్టిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు కంపెనీల కోసం భూమిలోకి శబ్ద తరంగాలు పంపి, తిరిగొచ్చినవాటిని లెక్కగట్టే పనిలో ఉండేవాడు. ఆ లెక్కలనే గొంతు మీదకి తెచ్చాడు. మనిషి ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ వెళ్తాడు. సాఫ్ట్‌వేర్‌లో సరిదిద్దే వేగం అని ఒకటుంటుంది. నిదానంగా పెడితే జారు మిగులుతుంది, సరిదిద్దినట్టు ఎవరికీ తెలీదు. సరిదిద్దడానికి పట్టే సమయాన్ని సున్నాకి తెస్తే, అంటే వెంటనే సరిదిద్దితే, జారు మొత్తం పోయి, గొంతు మెట్ల మీద గెంతినట్టు స్వరం మారుతుంది. లండన్‌లో 'బిలీవ్' ప్రొడ్యూసర్లు మార్క్ టేలర్, బ్రయన్ రాలింగ్ చేసింది అదే. తప్పు దాచడానికి పెట్టిన పరికరాన్ని బాహాటంగా వాడారు. కిటుకు బయటికి పొక్కకూడదని, ఎలా చేశారని అడిగినవాళ్లకి వేరే పరికరం పేరు చెప్పారు కూడా.

కంపెనీవాళ్లు ఆ ఎఫెక్ట్ తీసేయమంటే షేర్ ససేమిరా అంది. గొంతు చాలని పిల్లలు నన్ను ఇదే అడుగుతారు. కానీ, గొంతు ఎక్కువైందని వెనక్కి జరిపిన మనిషికి దీని అవసరమేముంది? కావాలని పెట్టించుకుంది. ఈసారి మాట చెల్లింది కూడా. పాట బ్రిటన్‌లో ఏడు వారాలు నంబర్ వన్. 1999 మార్చిలో అమెరికాలోనూ పైకెక్కింది. అక్కడ అంతకుముందు ఆమె పాట నంబర్ వన్ అయింది 1974లో.

ఆ తర్వాత వీడ్కోలు యాత్ర అని 2002 నుంచి 2005 దాకా మూడొందలకి పైగా షోలు చేసింది. వీడ్కోలు ఏమీ కాలేదు, 2008లో వెగాస్‌లో మళ్లీ మొదలెట్టింది. 2018లో ఒక సినిమాలో తనకంటే మూడేళ్లే చిన్నదైన మెరిల్ స్ట్రీప్‌కి తల్లిగా వేసింది.

సానీతో లెక్క మాత్రం అప్పటికీ తేలలేదు. పాత పాటల రాయల్టీల్లో సగం ఆమెకని విడాకుల ఒప్పందంలో ఉంటే, సానీ చివరి భార్య మేరీ బోనో అది చెల్లదంది. షేర్ 2021లో కోర్టుకెళ్లింది. 2024 మేలో కాలిఫోర్నియా ఫెడరల్ జడ్జి షేర్ వైపే తీర్పిచ్చాడు. అప్పటికి ఆవిడకి 78 ఏళ్లు. ఆ నవంబరులోనే ఆత్మకథ మొదటి భాగం అచ్చయింది, ఆ 95 శాతం గొడవ అందులో విడమరిచి చెప్పింది. రెండో భాగం కోసం చూస్తున్నాను.