బాలిలో డాలర్లు మార్చుకున్న వేళ

బాలి ప్రయాణంలో నాకు టెన్షన్ అంతా డబ్బు మార్చుకోవడం గురించే. వీసా పెద్ద పనేం కాదు. ఇండొనేషియా ఇమిగ్రేషన్ వాళ్ల సైట్‌లో ముందే 5 లక్షల రుపియా (అక్కడి కరెన్సీ) కట్టేశాను. వెతికితే ఏజెంట్ల సైట్లు బోలెడు కనిపిస్తాయి, అడ్రసు చివర ఆ దేశ ప్రభుత్వ సైట్లకుండే గో.ఐడి (go.id) ఉంటేనే కార్డు నంబరు ఇవ్వాలి. 2024 ఫిబ్రవరి నుంచి విదేశీ టూరిస్టులకు పెట్టిన లక్షన్నర రుపియా రుసుమూ ఆన్‌లైన్‌లోనే కట్టాను.

బాలిలోని కూటా వీధుల్లో మాత్రం అడుగడుగునా మనీ చేంజర్లే. అప్పుడు డాలరుకు దాదాపు 16,000 రుపియా వస్తోంది. ఒక చిన్న సందులో, బట్టల కొట్టు వెనక బోర్డు మీద అందరికంటే ఎక్కువ రేటు, పైగా కమీషన్ లేదట. నష్టానికి వ్యాపారం ఎవరు చేస్తారు? అయినా చూద్దామని లోపలికెళ్లాను. 200 డాలర్లంటే లక్ష రుపియా నోట్లు 32 ఇస్తే సరిపోతుంది. అతను మాత్రం ఇరవై వేలవీ, యాభై వేలవీ కలిపి బల్ల మీద కుప్పలు కుప్పలుగా పేర్చాడు. నేను లెక్కపెడితే సరిగ్గానే ఉంది. "ఒక్కసారి నేను కూడా చూస్తాను సార్" అంటూ చెయ్యి చాపాడు. అసలు విద్య అక్కడే ఉంది. మళ్లీ లెక్కపెట్టేటప్పుడు కొన్ని నోట్లు బల్ల వెనక్కి జారిపోతాయి. మనం లెక్క చూసుకున్నాం కదా అన్న ధీమాతో జేబులో పెట్టుకుని వచ్చేస్తాం.

నా డాలర్లు అప్పటికింకా నా చేతిలోనే ఉన్నాయి. "వద్దులెండి" అని కుప్ప అతని వైపు నెట్టి బయటికొచ్చాను. వెనక నుంచి ఏదో గొణిగాడు, అంతే.

ఆ దేశ కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ ఇండొనేషియా లైసెన్సు ఉన్న చోట "బెరిజిన్" (అనుమతి ఉన్నది) అని రాసిన గుర్తు కనిపిస్తుంది. అలాంటి దుకాణంలో రేటు కాస్త తక్కువే. ఏసీ గది, రసీదు, అన్నీ లక్ష నోట్లు. చివరిసారి లెక్కపెట్టింది నేనే, ఆ తర్వాత ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. మా ఆవిడ పక్కన నిలబడి సున్నాలు లెక్కపెట్టింది, ఎందుకంటే పది వేల నోటుకూ లక్ష నోటుకూ తేడా ఆ ఒక్క సున్నాయే.

టాక్సీల్లో బ్లూ బర్డ్ కంపెనీవి లేత నీలం రంగు. అదే రంగు వేసుకుని వేరేవీ తిరుగుతాయి కాబట్టి అద్దం మీద పేరు చదివి, మీటరు వేశాకే కూర్చునేవాళ్లం.

ఉలువాటు గుడి దగ్గర కోతులు కళ్లజోళ్లు లాక్కుని, తిండి ఇస్తేగానీ వదలవు. ఏ వస్తువుకు ఎక్కువ బేరం పలుకుతుందో వాటికి తెలుసని పరిశోధకులే తేల్చారు! మా ఆవిడ కారు దిగకముందే ఇద్దరి కళ్లజోళ్లూ సంచిలో వేసి జిప్పు పెట్టేసింది. సముద్రం కాస్త మసగ్గా కనిపించింది, అయినా బాగానే ఉంది.